సుద్ద చెరగలేదు

మొన్న ముత్తంగి కూడలిలో సిగ్నల్ కోసం ఆగి ఉంటే, పక్కనుంచి ఒక ఎర్ర కారు మలుపు తిరిగింది. బాగా కిందికి దించిన కారు, వెడల్పాటి చక్రాలు, లోపల ఐదుగురు. గతుకు ఎక్కి దిగగానే వెనక చక్రం దగ్గర జర్రుమని చిన్న చప్పుడైంది. రబ్బరు రేకుకు రాసుకునే చప్పుడు. అన్ని లారీల హారన్ల మధ్య అది ఎవరి చెవినా పడదు, నా చెవిన పడింది. అద్దం దించి, చెయ్యి ఊపుతూ "ఆగండి, ఆగండి" అని అరిచాను. లోపలున్న కుర్రాళ్ళు నన్నొక పిచ్చివాడిని చూసినట్టు చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. కాలిన రబ్బరు వాసన నిజంగా వచ్చిందో, నేనే ఊహించుకున్నానో తెలియదు గానీ ఇల్లు చేరేదాకా ముక్కును వదల్లేదు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా యాదన్న గుర్తొస్తాడు. గుర్తొస్తాడని రాయడం కూడా సరికాదు, మరిచిపోయింది ఎప్పుడు గనక?

యాదన్న అసలు పేరు యాదగిరి. కొండాపూర్ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఊళ్ళో పొలం చేసుకుంటూనే, పటాన్‌చెరులో హైవే పక్కన రేకుల షెడ్డు వేసి కార్లకు అలైన్‌మెంటు, షాకబ్జర్ల పని చేసేవాడు. నేను ఆయన దగ్గర చేరేటప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. నాకు ఇరవై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా పనిచేసిన ఫ్యాక్టరీ ఒక సోమవారం గేటు తెరవలేదు, మళ్ళీ ఎన్నడూ తెరవలేదు. అక్కడ నన్ను శ్రీనివాస్ గారూ అని పిలిచేవారు. షెడ్డుకొచ్చాక సీనునయ్యాను. యాదన్న ప్రేమగానే పిలిచేవాడు గానీ నాకు మాత్రం లోలోపల గుచ్చుకునేది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరువాత జరిగినదానికంతా వేరు అక్కడే ఉంది.

ఆయన పని మొదలుపెట్టే పద్ధతి చూసి మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. ఎవరో కారుకు కొత్త స్ప్రింగులు వేయించుకుందామని వస్తే, బండి వైపు చూడకుండా "ఇండ్ల ఎంతమంది కూసుంటరు?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి తెల్లబోయి "అయిదుగురం" అన్నాడు. పనంతా అయ్యాక యాదన్న చక్రాల అంచుల చుట్టూ తెల్లగా సుద్ద రుద్దాడు. ఆ తరువాత రోడ్డవతల చాయ్ హోటల్ వైపు తిరిగి చప్పట్లు కొట్టి "నలుగురు రాండ్రి" అని కేక వేశాడు. షిఫ్టు దిగి చాయ్ తాగుతున్న మందుల ఫ్యాక్టరీ కార్మికులు గ్లాసులు పక్కనపెట్టి, అలవాటైన పనిలా వచ్చి కారెక్కారు. వాళ్ళందరినీ కూర్చోబెట్టుకుని, రెండు స్పీడు బ్రేకర్లు ఎక్కించి దించి తీసుకొచ్చాడు. దిగి, సుద్ద ఎక్కడైనా చెరిగిందేమోనని నాలుగు చక్రాలూ చూశాడు. చెరిగితే టైరు మడ్గార్డు రేకుకు తాకుతున్నట్టు. చివరికి టైరుకూ రేకుకూ మధ్య తన చూపుడువేలు దూర్చి చూసేవాడు. వేలు సులువుగా తిరిగితేనే తాళం చెవి ఇచ్చేవాడు.

"కంప్యూటర్ మిషన్ ఉంది కద అన్నా, గిదంత ఎందుకు?" అని అడిగాను.

"మిషన్ ఖాళీ బండి ముచ్చట చెప్తది సీనూ. ఖాళీ బండ్లె ఎవడన్న సస్తడా?" అన్నాడు, వేలికంటిన సుద్ద ప్యాంటుకు తుడుచుకుంటూ.

చైతన్య మా షెడ్డుకు వచ్చింది తొలకరి రోజుల్లో. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో స్థిరపడిన కుటుంబం, టౌన్‌షిప్పులో పెరిగినవాడు. చదువు, ఉద్యోగం, కొత్తగా కొన్న వెండిరంగు కారు, అన్నీ ఉన్నవాడు. మంచి పరుగున్న కారు అది. దాన్ని రెండంగుళాలు కిందికి దించాలి, వెడల్పు చక్రాలు వెయ్యాలి, మలుపుల్లో ఊగకూడదు అన్నాడు. యాదన్న మామూలు ప్రశ్న అడిగితే "ఎక్కువగా నేనొక్కడినే" అన్నాడు చైతన్య. "ఎక్కువ సంగతి కాదు సార్, ఎప్పుడన్న ఎంతమంది?" అని యాదన్న మళ్ళీ అడిగాడు. ఐదుగురని ఒప్పుకున్నాడు. రెండు రోజులు ఇద్దరం పనిచేశాం. పొట్టి స్ప్రింగులు, గట్టి షాకబ్జర్లు, కొత్త చక్రాలు బిగించాం, మిషన్ మీద అలైన్‌మెంటు సరిచేశాం. నిజం చెప్పాలంటే అంత అందంగా నిలబడ్డ బండిని మా షెడ్డులో అంతకుముందు నేను చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది.

ఆ రాత్రి వాన బాగా పడింది. పొద్దున్నే యాదన్న విత్తనాలు వేసుకోవడానికి ఊరికి బయలుదేరాడు. పోతూ పోతూ, "ఎనుక చక్రాల కాడ నాకు అనుమానముంది. సుద్ద పెట్టి, మనుషులను కూసోబెట్టి సూడు. తాకితే బండి ఇయ్యకు. నేనొచ్చినంక రేకు అంచు లోపలికి మడుస్త" అన్నాడు. ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు.

మధ్యాహ్నం చైతన్య వచ్చాడు. నేను సుద్ద రుద్ది చాయ్ హోటల్ వైపు చప్పట్లు కొట్టాను. నలుగురు కార్మికులు వచ్చారు. మందుల ఫ్యాక్టరీ వాసన గురించి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. అది బట్టలకు పడితే ఉతికినా పోదు, వాళ్ళ ఒంటికే పట్టి ఉంటుంది. వాళ్ళలో ఒకాయన తలుపు పట్టుకోబోతుంటే చైతన్య నన్ను పక్కకు పిలిచాడు.

"శ్రీనివాస్ గారూ, ఏమీ అనుకోకండి. ఆ వాసన సీట్లకి పడితే ఇక వదలదు. మా అక్క వాళ్ళు ఊరినుంచి వచ్చారు, ఈ కారులోనే తిప్పాలి. మీరొక్కరే నడిపి చూడండి, చాలదా? మీకు తెలియనిదేముంది?"

శ్రీనివాస్ గారూ! ఏడాది తరువాత విన్న మాట అది. నా మొహం వెలిగిపోయి ఉంటుంది. షెడ్డు వెనకాల ఇసుక బస్తాలు ఉన్నాయి. మనుషుల బరువుకు బదులు వాటినైనా వెయ్యవచ్చు. కానీ ఆ క్షణంలో చప్పట్లు కొట్టి కూలీలను పిలిచే పద్ధతి, బస్తాలు మొయ్యడం, అన్నీ మోటు పనుల్లా, మిషన్ తెలిసిన నాకు తగనివిలా అనిపించాయి. "చాలు సార్" అన్నాను. కార్మికులు ఒకరి మొహం ఒకరు చూసుకుని చాయ్ హోటల్‌కు తిరిగి వెళ్ళారు. నేనొక్కడినే నడిపి వచ్చాను. సుద్ద చెరగలేదు. తాళం చెవి ఇచ్చేశాను.

సాయంత్రం యాదన్న ఊళ్ళోని టెలిఫోన్ బూతు నుంచి ఫోన్ చేశాడు.

"సుద్ద పెట్టి సూసినవా?"

"చూసిన అన్నా. చెరగలేదు."

"మంచిగైంది" అన్నాడు. గొంతులో పొలం పని చేసివచ్చిన అలసట, తృప్తి వినిపించాయి. మనుషులను కూర్చోబెట్టావా అని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఉంటుందని ఆయనకు తోచి ఉండదు.

ఆ వారమే, ఆదివారం పొద్దున, చైతన్య ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సంగారెడ్డి వైపు వెళుతుంటే వెనక టైరు పేలి కారు పల్టీ కొట్టింది. వెనక సీట్లో కూర్చున్న వాళ్ళ అక్క అక్కడికక్కడే చనిపోయింది. మిగిలినవాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. నాలుగు రోజుల తరువాత వాళ్ళ బావ జీపులో మా షెడ్డుకు వచ్చి, ఆ పేలిన టైరును తెచ్చి యాదన్న కాళ్ళ ముందు పడేశాడు. జీపు ముందు సీట్లో చైతన్య చేతికి కట్టుతో, తల వంచుకుని కూర్చున్నాడు.

యాదన్న గొంతుక్కూర్చుని టైరును మెల్లగా తిప్పాడు. పక్క గోడ మీద చుట్టూతా కత్తితో గీసినట్టు కోత ఉంది. రేకు అంచు కోసిన కోత. దానిమీద వేలు పెట్టి చివరిదాకా నడిపించాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. ఆయనకు అంతా అర్థమైంది.

"ఎవడు చేశాడీ పని?" అని ఆ బావ అరిచాడు.

"నేనే చేసిన సార్. నేనే సూసి ఇచ్చిన" అన్నాడు యాదన్న.

నా నోరు పెగల్లేదు. పెగిలించుకోలేదు అనాలి. ఆ బావ లోపలికి వెళ్ళి ఇనుపరాడ్డు అందుకుని మిషన్ తెరను బద్దలుకొట్టాడు. యాదన్న అడ్డుపోలేదు. జీపులోంచి చైతన్య తలెత్తలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక నేను "అన్నా, నేను..." అని ఏదో మొదలుపెట్టాను.

"ఇంట్ల ఎంతమంది నీకు?" అన్నాడు.

"నలుగురం."

"ఇంటికి పో. ఇయ్యాల పని లేదు."

ఆ తరువాత షెడ్డు ఎంతోకాలం నిలవలేదు. మనిషిని చంపిన షాపని పేరు పడింది. టౌన్‌షిప్పు కార్లు మొదట ఆగిపోయాయి, తరువాత అందరూ ఆగిపోయారు. ఒకరోజు యాదన్న తానే నిచ్చెన వేసుకుని బోర్డు దించాడు. కింద నిలబడి అందుకున్నది నేనే. అప్పుడు అడిగాను, ఎందుకు మీద వేసుకున్నావని.

"నిన్ను పెట్టుకున్నది నేను, ఆ దినం పొలానికి పోయింది నేను. గంతే" అన్నాడు. బోర్డు గోడకు ఆనించాక, "తప్పు ఎవడైన చేస్తడు సీనూ. కని ఫోన్ల నువ్వు అబద్ధం చెప్పలే. చెరగలేదన్నవ్. నిజమే చెప్పినవ్. గదే నన్ను తింటున్నది" అన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్నేళ్ళకు నేను సొంతంగా అలైన్‌మెంటు షాపు పెట్టుకున్నాను. యాదన్న ఊళ్ళోనే ఉండిపోయాడు. కిడ్నీలు పాడయ్యాయని తెలిసి చూడబోయాను. సగం మనిషి అయిపోయాడు. సంగారెడ్డి ఆసుపత్రికి నేనే తీసుకెళతానని నా కారు తెచ్చాను. ఆయన భార్యనూ ఇద్దరు కొడుకులనూ వెనక కూర్చోబెట్టి, ఆయనను ముందుకు ఎక్కించబోతుంటే అడిగాడు:

"కొత్త చక్రాలేసినవ్. మనుషులను కూసోబెట్టి సూసినవా?"

"చూసిన అన్నా." ఈసారి అది పూర్తి నిజం.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. కారును పట్టుకుని, తూలుతూ వెనక చక్రం దాకా నడిచాడు. కొడుకు దిగబోతే "కూసో, దిగకు" అని కసిరాడు. కష్టపడి వంగి, టైరుకూ రేకుకూ మధ్య వేలు దూర్చి చూశాడు. రెండో వైపు కూడా వెళ్ళి చూశాకే ఎక్కాడు. నా కోసం అంత నింద మోసిన మనిషి, నా మాటను మాత్రం నమ్మలేకపోయాడు. ఆ వర్షాకాలం దాటకుండానే పోయాడు.

దినాలు అయ్యాక నేను టౌన్‌షిప్పుకు వెళ్ళాను. చైతన్య తలుపు తీశాడు, నడివయసు రాకముందే జుట్టంతా నెరిసింది. నిలబడే చెప్పేశాను. ఆ రోజు పని చూసి ఇచ్చింది యాదన్న కాదని, ఆయన పొలంలో ఉన్నాడని, మనుషులను ఎక్కించకుండా తాళం ఇచ్చింది నేనని.

చైతన్య నా వైపు చూడలేదు. "నాకు తెలుసు కదండీ. వాళ్ళని ఎక్కించొద్దన్నది నేనేగా" అన్నాడు. "ఆ రోజు జీపులో కూర్చుని అంతా విన్నాను. ఆయన నేనే చేశానన్నాడు. మా బావ ఎదురుగా ఉన్నాడు. నోరు మూసుకున్నాను."

ఇద్దరం గుమ్మానికి చెరోవైపు నిలబడి ఉన్నాం. అన్నేళ్ళూ యాదన్న ఒక్కడి మీద ఇద్దరం ఎక్కి కూర్చున్నామని అప్పుడు తెలిసింది నాకు. చైతన్య "ఆయన ఇంట్లోవాళ్ళు ఎక్కడుంటారు?" అని అడిగాడు. మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్ళాం. యాదన్న భార్య మేము చెప్పిందంతా విని, "ఆయనున్నప్పుడు రాకపోతిరి బిడ్డా" అన్నది. లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా షాపుకు ఎంత ఖరీదైన కారు వచ్చినా, మొదట ఎంతమంది కూర్చుంటారని అడుగుతాను. షిఫ్టు దిగిన కార్మికులను పిలుస్తాను, ఆ బట్టలతోనే ఎక్కమంటాను. సీట్ల గురించి ఎవరైనా మొహం చిట్లిస్తే, బండి తీసుకుని వెళ్ళమంటాను. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. సుద్ద చెరగకపోయినా, మనుషులను దిగనివ్వకుండా వంగి చక్రం దగ్గర వేలు దూరుస్తాను. పనివాడు "నేను చూసిన కదా అన్నా" అంటాడు. వాడిని నమ్ముతాను. వేలు దూర్చి చూడడం మాత్రం మానను.