మండీలో వేసిన తాళం

నేను కుప్పం నుంచి బదిలీపై మదనపల్లె బడికి వచ్చిన సంగీతం టీచర్ని. పిల్లల వాద్యబృందానికి కొత్త బాణీ వెతుక్కుంటూ పోయినేడు టమాటా మండీకి వెళ్లాను. వేలంపాట పాడే ఆయన గొంతులో మంచి లయ దొరికింది. కళ్లు మూసుకుని, వేళ్లెత్తి తాళం వేయసాగాను. అక్కడ వేలెత్తితే ధర పెంచినట్టేనని నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి ఎదుటి కుప్ప నా పేర ఖాయమైంది.

అది తెచ్చిన సదుం ఊరి రైతు దండం పెట్టి, "మంచి రేటిచ్చినావమ్మా, నీ కడుపు సల్లగుండ" అన్నాడు.

"నేను కొనేదానికి రాలేదప్పా, తాళం వేస్తాండా" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ రైతు నవ్వలేదు. మళ్లీ వేలం పెడితే ఆ ధర పలకలేదు.

బడి వార్షికోత్సవంలో పిల్లలు ఆ బాణీ వాయిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు.