పది నిమిషాలు ఆగాలె

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో ఉన్న ఆ మెడికల్ షాపుకు మగవాళ్లు రెండు రకాలుగా వస్తారు. డాక్టరు చీటీ ముందుకు చాచి అడిగేవాళ్లు ఒక రకం. రెండో రకం వాళ్లు ముందు జ్వరం గోళీలు అడుగుతారు, తర్వాత దగ్గు మందు అడుగుతారు, పక్కనున్న ఆడవాళ్లు వెళ్లేదాకా పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ నిలబడతారు. అలాంటి గిరాకిని ఎల్లేష్ మెట్టు ఎక్కకముందే పోల్చుకుంటాడు. పదకొండేళ్లుగా అదే కౌంటరు మరి! వాళ్లు నోరు తెరవకముందే కింది అరలోంచి మొద్దుబార్చే స్ప్రే డబ్బా తీసి, పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, గొంతు తగ్గించి నాలుగు ముక్కలు చెబుతాడు.

“కొట్టుకున్నంక పది నిమిషాలు ఆగాలె అన్నా. ఎన్క తడిబట్టతోని మంచిగ తుడుసుకోవాలె. కండోమ్ ఏసుకోవాలె. లేకుంటే మందు అంటి మీ ఇంటామెకు గూడ మొద్దుబారుతది.”

నవ్వడు, ఎవరికోసమని అడగడు, ఎగాదిగా చూడడు. షాపు యజమాని శ్యామ్‌సుందర్ సేటు కూడా అలాంటివాళ్లు వస్తే “ఎల్లేష్‌ను అడగండి” అని కుర్చీ తిప్పుకుంటాడు. ఊళ్లో సగంమంది మగవాళ్ల గుట్టు ఎల్లేష్ కడుపులో భద్రంగా ఉంది. తన గుట్టు చెప్పుకోవడానికి మాత్రం అతనికి ఒక్క మనిషి లేడు.

జనగామ దగ్గరి పల్లె అతనిది. ఇప్పుడు నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది, చిన్న వంటిల్లు కిరాయికి తీసుకుని ఉంటున్నాడు. నవతతో పెళ్లై మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఒకటే కథ, మొదలైందో లేదో అయిపోతుంది. నవత ఏమీ అనదు. ఏదో ఒకటి అంటే బాగుండునని అతనికి ఉంటుంది. ఆమె గోడ వైపు తిరిగితే, అతను వంటింట్లోకి పోయి దాహం లేకపోయినా రెండు గ్లాసుల నీళ్లు తాగుతాడు. ఇంట్లో తోడు ఉండి కూడా మనిషి ఎంత ఒంటరి కాగలడో అతనికి ఆ నీళ్లు తాగేటప్పుడు తెలిసేది.

ఆదివారం ఒంటిపూటే షాపు. ఎవరైనా ఇంటికి పరుగెడతారు. ఎల్లేష్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య పొద్దుగూకేదాకా తచ్చాడతాడు. తనకు ఒక్క ముక్క అర్థంకాని ఇంజనీరింగు పుస్తకాలు కూడా తిరగేస్తాడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర ఒక్కడే నిలబడి ఐస్‌క్రీమ్ తింటాడు. ఇంట్లో నవత తీరిగ్గా ఉంటుంది. అతని భయమంతా ఆ తీరిక అంటేనే.

మందు తెలియక కాదు. ఆ అరకు తనే కాపలాదారు. కానీ సేటు కళ్లముందు అందులోంచి తనకోసం ఎట్లా తీసుకుంటాడు? చివరికి నెల కింద ఊరికి అవతలి కొసన తననెరగని షాపు వెతుక్కుని వెళ్లాడు. కౌంటరు వెనక రజని అని పేరు పట్టీ పెట్టుకున్న అమ్మాయి ఉంది. ఎల్లేష్ జ్వరం గోళీలు అడిగాడు. దగ్గు మందు అడిగాడు. ఫ్యాను వైపు చూశాడు. చిట్టచివరికి స్ప్రే పేరు గొణిగాడు.

“ఎట్ల వాడాల్నో తెల్సా సార్?” అని అడిగిందామె.

“ఔ, తెల్సు” అని డబ్బా జేబులో కుక్కుకుని వచ్చేశాడు.

తెలుసు. తెలిసే తప్పు చేశాడు. ఊరి నుంచి తల్లి కొండమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ‘ఏమన్న ఇశేషమా’ అని అడిగే ఇంట్లో కండోమ్ బయటికి తీస్తే నవత ఎందుకని అడగదా? తుడుచుకోవడానికి లేచి పోతే, మళ్లీ పారిపోతున్నాడనుకోదా? ఏదైతే అదైందని ఊరుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తానే పోయి కుడితిలో పడ్డట్టు, నాలుగు ముక్కల్లో పది నిమిషాలు ఆగడం ఒక్కటే పాటించాడు.

మందు పనిచేసింది. మూడేళ్లలో మొదటిసారి సిగ్గుపడకుండా నిద్రపోయాడు. ఆ సంబరంలో నవత మొహం చూడలేదు. ఆమె రోజురోజుకీ మాట తగ్గించడం కూడా పట్టించుకోలేదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం సేటు భోజనానికి హిమాయత్‌నగర్ ఇంటికి వెళ్లిన వేళ, నవత టిఫిన్ డబ్బా పట్టుకుని షాపుకు వచ్చింది. ఎప్పుడూ రాదు. బీపీ గోళీలు కొంటున్న ముసలాయన వెళ్లేదాకా ఫ్యాను వైపు చూస్తూ నిలబడింది. ఆ నిలబడడం ఎల్లేష్ పదకొండేళ్లుగా చూస్తున్నదే.

“గీడికెందుకచ్చినవ్?”

“ఇంట్ల అడుగుదమంటే నువ్వు ఆగవ్ గద. అందరికి చెప్తవట, నాకు గూడ చెప్పు.” ఆమె గొంతు తగ్గించింది. “నెల సంది నాకు గాడ మొద్దుబారుతున్నది. నువ్వు దగ్గరికచ్చిన నాడే. తెల్లారెటాల్లకు పోతది. మా అమ్మకు సుగరచ్చి కాళ్లు గిట్లనే మొద్దుబారినయ్. బస్తీ దవాఖానకు పోయిన, సుగర్ లేదన్నరు. మరేంది? నరాలు పోయినయా? పిల్లలు గాకపోయేది గిందుకేనా?”

ఇన్నాళ్లూ ఈ భయాన్ని ఆమె ఒక్కతే మోసింది. ఎల్లేష్ చెయ్యి నరాల బలం గోళీల మీద పడింది. ఎంత తేలిక! రోజుకొకటి వేసుకోమంటే చాలు, నమ్ముతుంది. తన గుట్టు దాగుతుంది. ఆమె మాత్రం లేని రోగానికి మందు మింగుతూ బతుకుతుంది. గోళీలు అక్కడే పెట్టేశాడు. నేను అని మొదలుపెట్టడం చేతకాలేదు. కింది అరలోంచి స్ప్రే డబ్బా తీసి ఆమె ముందు పెట్టి, అలవాటైన ముక్కలే అప్పజెప్పాడు.

“కొట్టుకున్నంక పది నిమిషాలు ఆగాలె. తుడుసుకోవాలె. కండోమ్ ఏసుకోవాలె. లేకుంటే ఇంటామెకు గూడ మొద్దుబారుతది.”

నవత డబ్బాను చూసింది, అతన్ని చూసింది. “గిది నువ్వు వాడుతున్నవా?”

“ఔ.”

“నాకెందుకు చెప్పలే?”

అంతలో ఒక నడివయసు మనిషి వచ్చి జ్వరం గోళీలు అడిగాడు. నవత వెళ్లిపోతుందనుకున్నాడు ఎల్లేష్. వెళ్లలేదు, లోపలికొచ్చి సేటు కుర్చీలో కూర్చుంది. ఆ మనిషి దగ్గు మందు అడిగాడు. ఎల్లేష్ స్ప్రే డబ్బా పేపర్లో చుట్టి నాలుగు ముక్కలూ చెప్పాడు. కవరు మాత్రం చేతిలోనే పట్టుకున్నాడు.

“ఇంగోటన్నా. ముందుగాల ఇంట్ల చెప్పున్రి.”

“ఇంట్లనా?” ఆ మనిషి బెదిరిపోయాడు. “ఏమని చెప్పాలె?”

వెనక్కి తిరిగే ధైర్యం లేక ఎల్లేష్ కౌంటరు అద్దం వైపే చూస్తూ అన్నాడు. “నీల ఏ లోపం లేదు, నాకే జల్ది అయిపోతది, సిగ్గుకు జెప్పలేక నీకు దూరం దూరం తిరిగిన, అని చెప్పున్రి.”

ఆ మనిషి కవరు లాక్కుని గబగబా మెట్లు దిగిపోయాడు.

“మూడేండ్ల సంది నీకు నేను నచ్చలేదనుకున్న,” అంది నవత వెనక నుంచి. “గీ ఒక్క మాట నాకు జెప్పనీకి ఎవడో గిరాకి రావాల్సొచ్చె.”