మంగళవారం మూడింటి ఎర్ర గడి

నేను చదువుకున్న వేలూరు కాలేజీలోనే ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. ఏటా కొత్తగా చేరిన పిల్లలకు కాలాన్ని ఎలా పంచుకోవాలో, రోజూ ఎలా చదువుకోవాలో ఒక క్లాసు చెప్పే పని నా నెత్తిన పడింది. పదేళ్లుగా చెబుతున్నాను కాబట్టి అందులో నాకు గొప్ప పాండిత్యం ఉందని అందరూ అనుకుంటారు. నిజానికి స్టాఫ్ మీటింగుకు నేను వేళకు వెళ్ళిన రోజు ఒక్కటీ లేదు. పోయిన వారం ఆ క్లాసు అయ్యాక ఒకమ్మాయి నా గదికి వచ్చి, ఫోనులో తను వేసుకున్న టైంటేబుల్ చూపించింది. రంగురంగుల గళ్ళు, ముచ్చటగా ఉన్నాయి. చూస్తుండగానే ఆ గళ్ళ మీద వాళ్ళ నాన్న పేరు వెలిగి ఫోను వణికింది. పిల్ల చటుక్కున కాల్ కట్ చేసి, "ఇది రెడ్ టైం మేడమ్. ఇప్పుడు ఎత్తనని మా అప్పకి తెలుసు," అంది గర్వంగా. నేను మెచ్చుకోవాల్సిన చోటు అది. కిటికీలోంచి గేటు వైపు చూశాను. ఆ రోజు మంగళవారం, మూడు దాటింది. మంగళవారం మూడు దాటితే ఆ వైపు చూడకుండా నేను ఉండలేను.

మా నాయన తాపీ మేస్త్రీ. పెళ్ళికి పోయినా పెళ్ళికూతురిని చూడకముందే ఒక కన్ను మూసి, కల్యాణమంటపం గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూసేవాడు. గుడియాత్తంలో మా ఇంట్లో మాట తెలుగు, వీధిలో మాట తమిళం. అక్షరం మాత్రం రెండింట్లోనూ ఆయనకు దూరమే. ఈ తెలుగు రాత నేను నేర్చుకున్నది కూడా ఉద్యోగం వచ్చాక, పట్టుబట్టి. నాయనకు అంకెలు వచ్చు, కొలత టేపు మీద ఉన్నంతవరకు ఎవరికీ తీసిపోడు. గడియారం చూడడం వచ్చు. అమ్మకు అదీ అక్కర్లేదు. ఆమె పనిచేసే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కూత ఎప్పుడు వినబడితే అప్పుడు ఆమెకు ఎనిమిది. ఒకనాడు ఆ కూత చెడిపోతే, మధ్యాహ్నం దాకా అమ్మ తీరిగ్గా తల దువ్వుకుంటూనే కూర్చుందని నాయన చాలా ఏళ్ళు ఏడిపించాడు.

అలాంటి ఇంటి నుంచి వచ్చి నేను ఇక్కడ హాస్టల్లో చేరాను. అప్పటిదాకా తమిళంలో చదివినదాన్ని, ఇక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషు. మొదటి మూడు నెలలు భయంతో ఏ పుస్తకమూ తెరవలేదు. పరీక్షల వారంలో అదే భయంతో అన్నీ ఒక్కసారే తెరిచాను. మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంకొకసారి పోతే చదువు మానిపించి అమ్మతోపాటు ఫ్యాక్టరీకి పంపాల్సిందేనని మా మేనమామ తీర్మానించాడు. ఆయన తీర్మానాలకు ఎప్పుడూ కొదవ లేదు. నాయన ఆ ఆదివారం నన్ను విరించిపురంలో తను కడుతున్న ఇంటికి వెంటబెట్టుకుని పోయాడు.

ఆ ఇంట్లో రెండు గదులకు సిమెంటు పూత అయింది. ఒక గది గోడ గట్టిగా, నున్నగా ఉంది. రెండో గది గోడ నిండా సన్నటి పగుళ్ళు, గోటితో గీకితే పిండి రాలుతోంది. "రెండిటికీ ఒకే ఇసక, ఒకే సిమెంటు, ఒకే చెయ్యి," అన్నాడు నాయన. "దీనికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు కొట్టినారు. దానికి వారం దినాలు మరిసిపోయి, ఎనిమిదో దినం ట్యాంకరు తెచ్చి పోసినారు. ఇంక యాడ పట్టతాది? సిమెంటు గట్టిపడేది మనం పూసేటప్పుడు కాదు పాపా, మనం ఇంటికి పోయినాంక. దినమూ ఇంత తడి ఉండాల. అంతే." చదువు సంగతి ఎత్తనే లేదు. తిరుగు బస్సులో పాలారు దాటుతుంటే నేనే ఏడ్చాను. పదేళ్లుగా పిల్లలకు నేను చెబుతున్న పాండిత్యమంతా ఆ నాలుగు ముక్కలే. ఇంగ్లీషులో చెబుతాను కాబట్టి కొంచెం గొప్పగా వినబడుతుంది.

హాస్టలుకు వచ్చి పెద్ద కాగితం మీద వారానికి గళ్ళు గీశాను. దినమూ ప్రతి సబ్జెక్టుకీ ఇంత తడి. క్లాసులకు నీలం, చదువుకు ఎరుపు, ఖాళీకి పచ్చ. అలాంటిదే ఇంకొకటి, రోజుల పేర్ల బదులు అంకెలతో గీసి నాయనకు ఇచ్చాను. దానికి కారణం ఉంది. వేలూరులో పని ఉన్న రోజుల్లో ఆయన వేళాపాళా లేకుండా కాలేజీ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. పళ్ళికొండలో బస్సు ఆగినప్పుడు కొన్న ఉడకేసిన శెనక్కాయల పొట్లం చేతిలో ఉండేది. మోకాళ్ళదాకా సిమెంటు, మొహం నిండా నవ్వు. మాటల్లో నాకు గంట పోయేది. గంట పోతోందనే కాగితం ఇస్తున్నానని ఆయనకు చెప్పాను, నాకు నేనూ అలాగే చెప్పుకున్నాను. కానీ ఆ గేటు దగ్గర నా స్నేహితురాళ్ళు కూడా నిలబడేవాళ్ళు. వాళ్ళలో ఒకతె "ఎవరాయన?" అని అడిగితే, "మా ఊరాయన," అన్నాను ఒకసారి. ఆ ఎరుపులో సగం చదువు, సగం సిగ్గు. "ఎర్ర గడిలో మాత్రం రావద్దు నాయనా," అన్నాను. ఇంజనీరు ఇచ్చిన ప్లానును చూసినట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని చూశాడు. "ప్లాను గీసినాంక గీత దాటకూడదు పాపా. దాటితే గోడ వంకర పోతాది," అన్నాడు.

అన్నట్టే దాటలేదు. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో ఉంచుకునేవాడు. గురువారం ఐదింటికి పచ్చ గడి మొదలైతే, పది నిమిషాల ముందే వచ్చి ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడి, ఐదయ్యాకే రోడ్డు దాటేవాడు. ఐదున్నరకు నేను ఏదో చెబుతూ ఉన్నా సరే లేచేవాడు. "గడి అయిపాయ," అని నవ్వేవాడు. నేను కూడా ఆ కాగితాన్ని పట్టుకుని గట్టెక్కాను. పోయిన మూడూ మళ్ళీ రాసి పాసయ్యాను. మా మేనమామ నోరు మూతపడింది. అది జరిగే పని కాదని మా వీధిలో చాలామంది అనుకునేవాళ్ళు.

అలా ఉండగా ఒక మంగళవారం నాయన మూడింటికి వచ్చాడు. మంగళవారం మూడు నుంచి ఐదు దాకా ఎరుపు. ఆయనతో పనిచేసేవాళ్ళు, మా గేటు వాచ్‌మన్ తర్వాత చెప్పింది కలుపుకుంటే నాకు తెలిసింది ఇది. మధ్యాహ్నం నుంచి ఎదలో పట్టేసినట్టు ఉండాదని అన్నాడట. ఆస్పత్రికి పొమ్మన్నారు. వేలూరులో ఆస్పత్రులకేం తక్కువ? కానీ అక్కడ చీటీ రాయాలి, ఏ తలుపు దగ్గరికి పోవాలో బోర్డు చదవాలి. "మా పాపను పిలుచుకోని పోతా. ఆమె సదవతాది," అని బయల్దేరాడట. గేటు దగ్గర ఆయన చెమటలు చూసి, పిలవమంటారా అని వాచ్‌మన్ తమిళంలో అడిగాడు. నాయన జేబులోంచి కాగితం తీసి ఎర్ర గడి మీద వేలు పెట్టాడు. "వేణాంప్పా, వద్దు. ఐదుదాకా పాప సదవతా ఉంటాది. నేను ఇట్ల కూసోనుంటా." గేటు పక్కన ఒక రాతిబెంచీ ఉంది. వాచ్‌మన్ రెండుసార్లు నీళ్ళు ఇచ్చాడట. రెండుసార్లూ తాగి, టైం ఎంతయిందని అడిగాడట.

ఐదు కొట్టగానే వాచ్‌మన్ పరుగున వచ్చి లైబ్రరీ మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి నాయన లేవబోయి, లేవలేక బెంచీ అంచు పట్టుకున్నాడు. మొహం తడి సున్నం రంగులో ఉంది. "అయిందా పాపా సదువు?" అన్నాడు. "అయింది నాయనా," అన్నాను. అప్పుడు గానీ నొప్పి సంగతి చెప్పలేదు. ఆటోలో తల నా భుజానికి ఆనించాడు. ఆస్పత్రిలో చీటీ నేనే రాశాను, బోర్డు నేనే చదివాను, సరైన తలుపు దగ్గరికే తీసుకుపోయాను. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరమ్మ అడిగింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉండాల్సిందమ్మా అంది, కసురుకోకుండా, మెల్లగా. మర్నాడు పొద్దు పొడవకముందే నాయన పోయాడు.

అమ్మకు ఈనాటికీ అదొక్కటే ఊరట. "బిడ్డ సదువుకి అడ్డం రాకుండా పోయినాడు మారాజు," అంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఎందుకంటే ఆ మంగళవారం మూడింటికి నేను చదవడం లేదు. ఒక స్నేహితురాలి పుట్టినరోజని నలుగురం క్యాంటీన్లో కూర్చున్నాం. ఒక్కరోజు గడి దాటితే ఏం కొంప మునుగుతుందిలే అనుకున్నాను. రెండు గంటలు పడీపడీ నవ్వుకున్నాం. ఏ మాటకు నవ్వామో ఒక్కటీ గుర్తు లేదు. లైబ్రరీ మెట్ల దగ్గర వాచ్‌మన్‌కు నేను దొరికింది, పొద్దున అక్కడ వదిలేసిన సంచీ తీసుకోవడానికి పోయినందువల్ల. క్యాంటీన్ గోడకు అవతల పక్కనే ఆ రాతిబెంచీ. ఇది అమ్మకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అబద్ధమని తెలియకుండానే నాయన, "అయింది" అన్న నా మాట నమ్మి కళ్ళు మూసుకున్నాడు, అది నన్ను వదలదు.

నా గదిలో ఆ పిల్ల ఫోను మళ్ళీ వణికింది. "ఎత్తమ్మా," అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, బెదిరిపోయి ఎత్తింది. టీవీ రిమోట్ యాడ పెట్టినావని వాళ్ళ నాన్న అడుగుతున్నాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. వెళ్ళేటప్పుడు, "మరి రెడ్ టైం మేడమ్?" అని అడిగింది. "ఉంచుకో. మీ అప్పకి మాత్రం అది వర్తించదని ఇవాళే చెప్పు," అన్నాను. తల ఊపి వెళ్ళింది. నేను ఐదు దాకా కిటికీ దగ్గరే ఉండిపోయాను. గేటు పక్కన బెంచీ ఖాళీగానే ఉంది, ఖాళీగా ఉందని కళ్ళారా చూసినా నాకు నమ్మకం కుదరదు. నాయన జేబులోని కాగితం నా బీరువాలో ఉంది. గీసింది నేను, పాటించింది ఆయన ఒక్కడే. తర్వాతి కాలమంతా ఎలాగో గడిచిపోయింది గానీ, ఆ రెండు గంటలు మాత్రం గడవలేదు, నా చదువు ఎప్పుడవుతుందా అని ఇంకా ఆ బెంచీ మీదే కూర్చుని ఉన్నాయి.