లెక్కకు లొంగని సోడా

కెమిస్ట్రీ టీచర్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు త్రాసమ్మ. ఆ సంగతి తనకు తెలుసని ఆవిడ ఎప్పుడూ బయటపడలేదు, పైగా లోలోపల మురిసిపోయేది. ఇంట్లో వాళ్లాయన వెక్కిరింత వేరు. "కూరలో ఉప్పు వేసేముందు సమీకరణం రాసుకుంటావటగా, ఓసారి చూపించు" అనేవాడు. అనుకోనీ అని ఊరుకునేది. ఎంత వేస్తే ఎంత మిగులుతుందో ముందే లెక్కకట్టి చెప్పగలగడాన్ని మించిన విద్య లేదని ఆవిడ నమ్మకం. నమ్మకం మంచిదే, ముదిరితేనే చిక్కు.

ఆవిడ క్లాసులో ముందు లెక్క, తర్వాతే మంట. ఎనిమిది పాయింట్ నాలుగు గ్రాముల వంటసోడాని బాగా వేడి చేస్తే, అందులోంచి నీరూ గ్యాసూ పోగా మిగిలే తెల్లపొడి ఎంత? పిల్లలు లెక్కకట్టి ఐదు పాయింట్ మూడు అని బోర్డు మీద రాస్తారు. ఆ తర్వాత ఎవరి గిన్నె వాళ్లు వేడి చేసి, తూచి, బరువు పైకి చెప్పాలి. లెక్కతో కలిస్తే పూర్తి మార్కులు. పై తరగతిలో సైన్సు సీటు ఇచ్చేది ఆ మార్కులు చూసే.

ఆ రోజు వరసగా అందరూ "ఐదు పాయింట్ మూడు టీచర్" అన్నారు. చివరి బల్ల దగ్గరున్న టైలర్ గారమ్మాయి మాత్రం నసిగింది. "నాకు ఆరు పాయింట్ ఒకటి వచ్చింది టీచర్."

"సరిగ్గా వేడి చెయ్యలేదన్నమాట."

"మళ్లీ మళ్లీ చేశాను టీచర్. అంతకంటే తగ్గట్లేదు."

"అంటే క్లాసంతా తప్పు, నువ్వొక్కదానివే రైటా? బద్ధకానికి తోడు ఎదురు సమాధానమొకటి!"

అందరి ముందూ కడిగి పారేసి, సున్నా వేసింది. పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ అంకె మాత్రం మార్చలేదు.

ఆ మొండితనమే త్రాసమ్మకి మింగుడు పడలేదు. రేపు ఆ పిల్ల నోరు మూయించాలని, బడి వదిలాక తనే గిన్నె పెట్టి సోడా వేడి చేసింది. తూచింది. మళ్లీ వేడి చేసి మళ్లీ తూచింది. ఆరు పాయింట్ ఒకటి. ముల్లు అక్కణ్ణించి కదిలితే ఒట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడాది ఆఖరి ప్రాక్టికల్ అయ్యాక, గిన్నెల్లో మిగిలిన తెల్లపొడిని పారబొయ్యడానికి చేతులు రాలేదు. చూడ్డానికి రెండూ ఒకటేలా ఉంటాయి కదా! ఏదో పరధ్యానంలో, ఒకసారి కాలిపోయిన ఆ పొడిని తీసుకెళ్లి క్లాసంతా వాడే సోడా జాడీలోనే పోసింది. కాలాల్సింది ఎప్పుడో కాలిపోయాక ఇక బరువేం తగ్గుతుంది? ఈ పొరపాటు పిల్లలు చేసి ఉంటే చెవులు మెలేసేది.

సిగ్గుతో చచ్చిపోయింది. అంతకంటే పెద్ద దెబ్బ ఆ వెనకాలే తగిలింది. ఆ జాడీలోంచి తీసిన సోడాతో ఐదు పాయింట్ మూడు ఎవరికీ రాదు. మరి మిగతావాళ్లంతా?

ఇంటికెళ్లి మొగుడికి చెప్పింది.

"ఇందులో ఇంత ఏడవడానికేముంది? రేపెళ్లి తప్పు నాదని చెప్పెయ్" అన్నాడాయన.

"జాడీ సంగతొక్కటే అయితే చెప్పేద్దును. క్లాసు క్లాసంతా అబద్ధమాడిందండీ. లెక్కతో కలిస్తేనే మార్కులని నూరిపోసి, ఆ అబద్ధం నేర్పింది నేను కాదూ?"

ఆయన వెక్కిరించలేదు. దాంతో ఆవిడకి ఇంకా భయమేసింది.

మర్నాడు తేలు కుట్టిన దొంగలా స్కూలుకి వెళ్లింది. నేరుగా చెప్పడానికి నోరు రాక ఒక డొంకతిరుగుడు ఎత్తు వేసింది. అదే జాడీతో ప్రాక్టికల్ మళ్లీ చేయించాలి. నిజం చెప్పమని గట్టిగా అడగాలి. అందరికీ ఆరు పాయింట్ ఒకటే వస్తుంది, టైలర్ గారమ్మాయి మార్కులు వాటంతటవే తిరిగొస్తాయి, తన పరువూ దక్కుతుంది.

"ఈసారి బోర్డు వంక చూడకండి. మీకు ఎంత వస్తే అంతే చెప్పండి" అంది.

పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. "ఐదు పాయింట్ మూడు టీచర్." "ఐదు పాయింట్ మూడు." అదే వరస. ఆవిడ ఆశంతా చివరి బల్ల మీద పెట్టుకుంది.

"ఐదు పాయింట్ మూడు" అంది టైలర్ గారమ్మాయి తలొంచుకుని.

త్రాసమ్మ వెళ్లి ఆ గిన్నె తీసుకుని తనే తూచింది. ఆరు పాయింట్ ఒకటి. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది?

"తప్పు నాదమ్మా. జాడీలో సోడా పాడు చేసింది నేనే. ఆ రోజు క్లాసు మొత్తంలో నిజం చెప్పింది నువ్వొక్కదానివే. నీకు వేసిన సున్నా కొట్టేస్తున్నాను. నన్ను క్షమించు" అంది అందరూ వినేలా.

ఆ పిల్ల మొహంలో సంతోషం కోసం వెతికింది. కనిపించలేదు. పిల్ల గిన్నె వంకా, బోర్డు వంకా, టీచర్ వంకా మార్చి మార్చి చూసి మెల్లగా అడిగింది.

"అయితే ఇప్పుడు ఏది చెప్పమంటారు టీచర్?"