సోమవారం రేటు

మా నాయనలాగే బంగారు గనిలో పనికి పోదామని ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. నేను పుస్తకాలు పారేసిన ఏడాదే గని మూసేశారు. నా కాలు అంత మంచిది. ఇప్పటికీ మా గని కూలీల లైను ఇళ్లలో ఎవరైనా అంగడి తెరిస్తే, పూజ అయ్యేదాకా నన్ను ఆ వీధికి రానివ్వరు.

నాయన మాత్రం అప్పటికే గనిలో ముసలివాడయ్యాడు. అక్కడి రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. ఇన్‌హేలర్ లేనిదే పొద్దు గడవదు.

ఆ శుక్రవారం టీవీలో చెప్పారు: సోమవారం నుంచి మందుల మీద పన్ను తగ్గుతుంది, పాత సరుకైనా కొత్త రేటుకే అమ్మాలి. అప్పటికే ఇన్‌హేలర్ అడుగంటింది. కొత్తది తెస్తానంటే నాయన వద్దన్నాడు.

"సోమవారం దాకా ఆగలేనా? తగ్గినాక తెద్దువులే."

"తగ్గేది చిల్లర నాయనా."

"ఆ చిల్లర నీ అబ్బ సొమ్మా?"

ఆయన పెన్షనే కాబట్టి అది నిజంగానే నా అబ్బ సొమ్ము.

ఆదివారం మధ్యాహ్నం ఇన్‌హేలర్ నొక్కితే ఉత్త చప్పుడే వచ్చింది. నాయన నేల మీద కూర్చుని, గోడకు వీపు ఆనించి, తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గనిలో రాయి పేల్చాక పొగ పోయేదాకా వాళ్లు అలాగే కూర్చునేవాళ్లట. కదలకుండా, మాట్లాడకుండా, కొంచెం కొంచెంగా గాలి పీలుస్తూ. నేనేదో అనబోతే అరచెయ్యి ఎత్తి ఆపాడు. గనిలో పొగ కాసేపటికి పోయేది. ఇది పోయే రకం కాదు. ఆసుపత్రికి లేవమంటే తల అడ్డంగా ఊపాడు. పెదాలు నీలమవుతున్నాయి. నా భార్యను ఆయన పక్కన కూర్చోబెట్టి బండి తీశాను.

వీధి చివర మందుల అంగడాయన చేతులెత్తేశాడు.

"లేదప్పా. పాత రేటుకు కొని రేపు తగ్గించి అమ్మితే నాకే నష్టం. అందుకే సరుకు తెప్పీలేదు. రేపు రా."

"రేపటికి మా నాయన ఉండాల కదన్నా."

ఎప్పుడూ వేళాకోళం వాగే నేను అన్నాను కాబట్టి ఆయన నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగి, ఫోను తీశాడు.

"బేతమంగళలో ఒగటి ఉండాదంట. బస్టాండు ఎదురుగా. బిన్నా పో, ఆలస్యం చేయొద్దు."

ఎన్నిసార్లు తిరిగిన దారో అది. ఆ రోజు మాత్రం ఎంతకీ తరగలేదు. మేకల మంద రోడ్డు దాటుతుంటే హారన్ మీద నుంచి వేలు తియ్యలేదు. ప్రాణమంతా జేబులో ఫోను మీదే. ఇంటి నుంచి మోగకూడదని ఒకటే కోరిక. మందు తీసుకుని, మిగిలిన డబ్బు కూడా అడగకుండా వెనక్కి తిరిగాను.

నాయన గోడకు ఆనుకుని అలాగే ఉన్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. మూత తీసి నోట పెట్టి నొక్కాను. కాసేపు ఆగి మళ్లీ నొక్కాను. చాలాసేపటికి భుజాలు దిగాయి. కళ్లు తెరిచి ఆయన చేసిన మొదటి పని, డబ్బా తిప్పి చూడడం.

"పాత రేటే ఇచ్చినావు."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు నోరూ లేచింది. దారి పొడుగునా దిగమింగుకున్నదంతా బయటికొచ్చేసింది. "ఇన్నాళ్లు ఆగినోడివి, ఇంగొక్క రాత్రి ఆగలేకపోతివే నాయనా? రెండు టీల డబ్బులు మిగిలుండు కదా..." అంటూ వాగుతూనే ఉన్నాను.

నాయన తువ్వాలు మెల్లగా మడిచి పక్కన పెట్టాడు.

"గని మూసింది బంగారం అయిపోయి కాదురా. నువ్వు దిగితే లోపలుండే గాలంతా నీ నోటికే సరిపోతాదని."