బూటు నాలుకతో బతికిన స్టవ్వు

మామిడికాయల రోజుల్లో మా ఇంట్లో అందరూ చీకటితోనే లేస్తారు, పొయ్యి మాత్రం లేవదు. మా అత్తగారు స్నానం చేసి, మడి కట్టుకుని వచ్చేదాకా వంటింట్లో అగ్గిపుల్ల గీసే హక్కు ఇంకెవరికీ లేదు. మా ఆయన ఇంత చద్దన్నం తిని ఆగిరిపల్లి తోటలకి బండి కట్టించుకు వెళ్ళిపోయేవారు. నేను కాఫీ చుక్క లేకుండా వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేదాన్ని. మద్రాసులో బి.ఏ. చదివేటప్పుడు హాస్టలు గదిలో దొంగతనంగా స్టవ్వు ముట్టించుకున్న చెయ్యి నాది. కాపురానికొచ్చి ఇన్నేళ్ళయినా, నా అంతట నేను మంట వెలిగించుకునే చోటు ఆ ఇంట్లో జానెడు లేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో, గంపల కోసం అటకెక్కితే పాత పంపు స్టవ్వు కనిపించింది. యుద్ధానికి ముందు బెజవాడలో కొన్నది. కిరసనాయిలు దొరక్క మూలపడి, మూలనుంచి అటకెక్కింది. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి మెరిసింది కానీ గాలి నిలవలేదు. పంపులో వాషరు ఎండి పొడైపోయింది. కొత్తది తెప్పించమంటే మా ఆయన, చచ్చినదాన్ని ఇప్పుడు లేపడమెందుకన్నారు.

ఆయన పెళ్ళినాటి బూట్లు ఎలకల కాపురానికి తప్ప దేనికీ పనికిరాకుండా పడి ఉన్నాయి. వాటి నాలుక మెత్తటి తోలు. బిళ్ళలా కత్తిరించి, ఆముదంలో నానేసి, పంపు కడ్డీకి బిగించాను. నాలుగు దెబ్బలు కొట్టేసరికి స్టవ్వు బుస్సుమని లేచింది.

నా సంబరం ఆ పూటే తీరింది. పొగలేని మంట చూసి అత్తగారు ముచ్చటపడి, పసుపు రాసి, వంటింట్లో పెట్టుకున్నారు. దానికీ మడి వచ్చేసింది. నేను బాగుచేసిన స్టవ్వు ముందు నేనే మళ్ళీ గడప బయట నిలబడ్డాను.

కొన్నాళ్ళు పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను. ఓ పొద్దున తోటలకి వెళ్ళకుండా ఇంట్లో ఉన్న మా ఆయన కాఫీ తాగుతూ, ఇంతకీ ఆ స్టవ్వుని బాగుచేసిందెవరని అడిగారు.

"మీ బూటు నాలుకండీ," అన్నాను, వంటింట్లోకి వినిపించేలా.

అత్తగారు కేకలెయ్యలేదు. తను తాగుతున్న గ్లాసు కింద పెట్టి, వంటిల్లంతా కడిగించి, మళ్ళీ తలారా స్నానం చేసి వచ్చి అడిగారు: "తోలు తగిలిన మంట మీద కాచిన పాలు తాగించావుటే నాతో?"

"తోలు తగిలింది మంటకి కాదండీ, గాలికి."

"ఆ గాలే కదే మంట."

పాత సామాన్లవాడు రాగానే స్టవ్వు ఇచ్చెయ్యమని ఆవిడ పనిమనిషికి పురమాయించారు. అప్పుడు వసారాలో వేలాడే గ్యాసు లైటు చూపించాను. శ్రీరామనవమి పందిట్లో రాముడి నెత్తిన వెలిగిందీ అదే. దానికీ పంపుంది, పంపులో తోలుంది. స్టవ్వు పోతే లైటూ పోవాలి కదా అన్నాను.

"అయితే అదీ పోనీ," అన్నారావిడ.

నేననుకున్నది అదే. కలకత్తా వెళ్ళే చిన్నరసాలు గంపలకెత్తేది పొద్దుగూకాక, ఆ లైటు కిందే. మా ఆయన తల పట్టుకున్నారు.

"వాదించకుండా ఒక్క పూట ఉండలేవా నువ్వు?"

ఉండలేనన్నాను. చివరికి ఆయనే తీర్పు చెప్పారు: తోలున్న రెండూ పెరటి కాయల కొట్టులో ఉంటాయి, ఇంటి గడప తొక్కవు.

మర్నాడు తెల్లవారకముందే కొట్టు తలుపు తీశాను. గడ్డిలో కాయలు ముగ్గుతున్న వాసన, మధ్యలో నా స్టవ్వు బుస. గోనె మీద కూర్చుని తాగిన ఆ కాఫీ కోసం నేను ఏ కోర్టుకైనా ఎక్కి ఉండేదాన్ని.

వారం తిరగలేదు. డికాషను దిగుతుండగా తలుపులో నీడ పడింది. అత్తగారు. మొహం కడుక్కున్నారు, చేతిలో సొంత గ్లాసు తెచ్చుకున్నారు.

"తోలండీ," అన్నాను.

"నేనింకా స్నానం చెయ్యలేదుగా. మడి కట్టుకున్నాక కదా అంటు," అని గ్లాసు చాపారు.

పొయ్యక తప్పలేదు. ఆవిడ నా గోనె మీదే కూర్చుని ఓ గుక్క తాగి, పాలు సరిగ్గా కాగలేదన్నారు. ఆ మర్నాడు ఇంకో గోనె పరిచాను, అవతలి గోడ పక్కన. ఆవిడ దాన్ని స్టవ్వు దగ్గరికి లాక్కున్నారు.