తాలింపు లేని ఇల్లు

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషన్ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడం అయింది, కీమోకు ఊడిన జుట్టు మళ్లీ మొలిచింది. ఇక రోజుకొక మాత్ర, అయిదేళ్లు వేసుకుంటే చాలు అన్నాడు ఖమ్మం డాక్టరు. కందిగింజంత మాత్ర. ఇంత జబ్బును దాటి వచ్చినదాన్ని, ఇది నన్నేం చేస్తుందిలే అనుకున్నాను.

చేయాల్సిందంతా చేసింది. ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మెడకూ మొహానికీ పాకేది. బడిలో బోర్డు మీద రాస్తుంటే జాకెట్టు తడిసి వీపుకు అతుక్కునేది, కాసేపటికి వణుకు. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. వీటికి తోడు నా కోపం. అది ముందునుంచీ ముక్కు మీదే ఉండేది, మాత్ర మొదలయ్యాక నెత్తికెక్కి కూర్చుంది.

మా ఆయనకు మణుగూరు గనుల్లో ఉద్యోగం, మేముండేది కాలనీ క్వార్టర్లో. నాకు బాగోలేనప్పటినుంచీ మా అత్తమ్మ అడవి పక్క ఊరునుంచి వచ్చి మాతోనే ఉంటోంది. ఆమెకు వెల్లుల్లి తాలింపు లేనిదే ముద్ద దిగదు. ఒకరోజు ఆమె ఎండుమిరపకాయలు వేయిస్తుంటే నాకు సెగ లేచింది. మొహం కందిపోయి, చెమటలు కారుతూ గోడకు చేరగిలబడ్డాను. అత్తమ్మ పొయ్యి ఆపేసి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మర్నాడు గుమ్మానికి వేపమండలు, నా దిండు కింద వేపాకు. పప్పులో తాలింపు లేదు, చారులోనూ లేదు. మా వైపు ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే తాలింపు పెట్టరు. నూనె చిటపటలాడితే తల్లికి మంట పుడుతుందంటారు. నాకు అమ్మవారు పోసిందని అత్తమ్మ తేల్చేసిందన్నమాట.

"పొక్కులేవి అత్తమ్మా? ఇది గోలీ చేసే వేడి" అన్నాను విసుగ్గా.

"అందరికి కనపడేటట్టే రావాల్నా బిడ్డా? నీకు లోపల పోసింది" అంది.

మా ఆయన తల వంచుకుని ఆ చప్పటి పప్పే కలుపుకుని తిని డ్యూటీకి వెళ్లిపోయాడు. వంటింట్లో ఘాటు లేకపోయేసరికి సాయంత్రం పూట సెగలు కాస్త తగ్గాయి. అది ఒప్పుకోవడం ఇష్టంలేక అత్తమ్మను ఇంకా కసురుకున్నాను.

వేళ్లు మాత్రం మొండికేశాయి. ఒక పొద్దున బడికి తయారవుతుంటే జాకెట్టు హుక్కు ఒక్కటీ పట్టుబడలేదు. మంచం మీద కూలబడి ఏడ్చాను. మాత్రల అట్టను గోడకేసి కొట్టి, "ఇగ వేసుకోను, ఆ జబ్బు మళ్ల వస్తె రానీ" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

అత్తమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చంటిపిల్లకు పెట్టినట్టు హుక్కులన్నీ పెట్టింది.

"ఈ తల్లి ఎన్నొద్దులు ఉంటదన్నడు డాక్టరు?"

"అయిదేండ్లు."

అత్తమ్మ నా పైట సర్దింది. "కానీ మరి. అయిదేండ్లు తాలింపు లేకుంటె ఏమైతది? నువ్వుంటె చాలు బిడ్డా."

లేచి వెళ్లి మాత్రల అట్టను తీసుకొచ్చింది. కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని నాకు ఇచ్చింది. మాత్ర తీసి మింగాను.

నీళ్లగ్లాసు కింద పెట్టాక అన్నాను, "అత్తమ్మా, ఇయ్యాల పప్పుకు తాలింపు పెట్టు."

"తల్లికి మంటైతది."

"తల్లిని నేను బయటికి తీస్కపోత గద."

ఇప్పుడు మా ఇంట్లో నూనె కాగగానే అత్తమ్మ కేకేస్తుంది, "బిడ్డా, తల్లిని తీస్కపో" అని. నేను ఆ రోజు వేసుకోవాల్సిన మాత్ర చేతిలో పట్టుకుని వెళ్లి వాకిట్లో కూర్చుంటాను. లోపల వెల్లుల్లి వేగుతుంటుంది.